రెండు కళ్లకూ ఒకే రోజు చేస్తారా అని అడిగితే…

సంపాదకులకు నమస్కారం.

నేను కడప పక్కన చెన్నూరులో ముప్పయ్యేళ్లుగా మిషను కుట్టి బతుకుతున్నాను. వయసు 66. పోయిన ఏడాది బడి పిల్లల నేవీబ్లూ స్కర్టులకు నల్లదారంతో అంచులు కుట్టి ఇచ్చాను. ఒక పాప తల్లి వెనక్కి తెచ్చి చూపించేదాకా నాకు తేడా తెలియలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని అప్పుడు బయటపడింది.

మా ఆయన లేరు. ఒక్కడే కొడుకు, కువైట్‌లో డ్రైవరు. వాడికి దొరికిన సెలవు 30 రోజులు. మొదట చూపించుకున్న చోట ఒక కంటికి ఆపరేషన్ ఇప్పుడు, రెండోదానికి నెల దాటాక అన్నారు. "అప్పటికి మావాడు ఉండడు సార్, రెండూ ఒకే రోజు చేయరా?" అని అడిగాను. "అట్లా చేయరమ్మా" అని తర్వాతి పేషెంటును పిలిచారు. చేయనన్నందుకు కాదు నా బాధ. ఎందుకు చేయరో రెండు మాటలు చెప్పి ఉంటే అర్థం చేసుకునేదాన్ని.

ఆ కారణం నాకు బెంగళూరులో రెండు కళ్లకూ ఒకే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ముందుగా చెప్పింది. ఆపరేషన్ తర్వాత కంటి లోపల ఇన్‌ఫెక్షన్ రావడం చాలా అరుదు, కానీ వస్తే చూపే పోవచ్చు. ఒకే రోజు చేస్తే రెండు కళ్లకూ వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే రెండో కంటిని కొత్త ఆపరేషన్ లాగే చూస్తారట. మళ్లీ చేతులు కడుక్కుని, గౌను, గ్లోవ్స్ మార్చి, వేరుగా స్టెరిలైజ్ చేసిన పరికరాలు తీసుకుంటారు. మందులు కూడా వీలైనంతవరకు వేరే బ్యాచ్‌వి వాడతారు. మొదటి కంటికి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా రెండోది ఆ రోజుకు ఆపేస్తామని ముందే చెప్పింది. ఇంత జాగ్రత్త కుదరని చోట విడివిడిగా చేయించుకోవడమే మంచిదని కూడా చెప్పింది.

ఇంకో మాట నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. శుక్లం తీసి దాని చోట కంటి లోపల ఒక లెన్స్ పెడతారు. విడిగా చేస్తే మొదటి కన్ను ఎట్లా కుదిరిందో చూసి రెండో లెన్స్ పవర్ సరిచూసుకోవచ్చు. ఒకే రోజైతే ఆ వీలు ఉండదు. నా పనంతా సూది బెజ్జం దగ్గరే కదా! ఎంత దూరంలో పెట్టుకుని దారం ఎక్కిస్తానో చేత్తో చూపించాను. కొలతలు రెండుసార్లు తీసి, దగ్గరి చూపుకు సరిపడే లెన్సులు పెట్టారు. బస్సు బోర్డు చదవాలంటే అద్దాలు కావాలి, దానికి ఒప్పుకునే చేయించుకున్నాను.

నా అద్దాల పవర్ ముందు నుంచి మైనస్ ఐదు, అంటే దూరం సరిగా ఆనదు. ఒక కన్నే చేసి ఉంటే రెండు కళ్ల పవర్‌కూ పొంతన కుదిరేది కాదు. మా పక్కింటి వదిన అయిదు నెలలుగా అట్లాగే ఉంది. పాత అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతుంది, తీసేస్తే మెట్టు ఎక్కడుందో తెలియక రెండుసార్లు పడింది.

ఆపరేషన్ అయ్యాక కళ్లకు గట్టి కట్లు కట్టలేదు. చూపు ఆనే ప్లాస్టిక్ మూతలు అతికించారు, మావాడి చెయ్యి పట్టుకుని నడిచాను. చుక్కల మందు ఏ కంటి సీసా ఆ కంటికే వేయాలన్నారు. కుడి సీసాలకు ఎర్రదారం, ఎడమ సీసాలకు పచ్చదారం కట్టుకున్నాను. నొప్పి వచ్చినా, ఎరుపెక్కినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయమన్నారు. ఆ మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ నిజం. నాలుగో రోజు దారాల డబ్బా తెరిచాను. నీలం నీలంగా, నలుపు నలుపుగా కనిపించాయి.

నెదర్లాండ్స్‌లో 10 ఆసుపత్రుల్లో 865 మందికి కొందరికి ఒకే రోజు, కొందరికి విడిగా చేసి పోల్చి చూశారని, ఒకే రోజు చేయించుకున్నవాళ్ల చూపు తక్కువేమీ కాలేదని మావాడు ఫోన్‌లో చదివి వినిపించాడు. అక్కడిది ఇక్కడ అందరికీ పనికొస్తుందని నేను అనడం లేదు. షుగరు అదుపులో లేనివాళ్లకు, కంటిలో వేరే జబ్బు ఉన్నవాళ్లకు వద్దంటారు, అది సబబే. కానీ మన జిల్లాలో పిల్లలు గల్ఫ్‌లో ఉండి, ఆసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్లే మనిషి లేని ముసలివాళ్లు ఎంతమందో. అడిగినవాళ్లకు డాక్టర్లు పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. చేయనంటే ఎందుకో చెప్పండి. శిబిరాల్లో పేర్లు రాసుకునేవాళ్లు ఇంట్లో తోడు ఎవరున్నారో కూడా అడిగి రాసుకోండి.

వదిన రెండో కంటికి వచ్చే నెల నేనే తోడు వెళ్తున్నాను. అడగాల్సినవి కాగితం మీద రాసి పెట్టాను.

ఇట్లు,
ఒక దర్జీ, చెన్నూరు, కడప జిల్లా