పిల్లల బరువు అందరి ముందూ చదవకండి

సంపాదకులకు నమస్కారం.

సిరోంచలో నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. బడి యూనిఫారాలు కూడా కుడతాను. టేపు చేతిలో ఉన్నదాన్ని కనుక, ఒంటి గురించి పిల్లలు పడే బెంగ నా కంట పడకుండా పోదు. నడుము కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. నల్లగా ఉన్న పిల్ల మే నెల ఎండల్లో కూడా నిండు చేతులు పెట్టమంటుంది. వీళ్లకు పన్నెండు, పదమూడేళ్లు. పక్కనున్న మేనత్త "దీనికి గుడ్డ తాను మొత్తం కావాలి" అంటుంది. అందరూ నవ్వుతారు. పిల్ల కూడా నవ్వి, తల దించుకుంటుంది. మేనత్తకు ఆ మాట సాయంత్రానికి గుర్తుండదు.

బడిలో ఎత్తు, బరువు చూసే రోజు ఇంకా కష్టం. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరుగుతున్నాయి. అవి తప్పకుండా జరగాలి. కానీ తూకం వేసిన అంకెను వరుసలో అందరికీ వినిపించేలా చదవడం ఎందుకు? ఏడో తరగతి చదివే ఒక అమ్మాయికి అలా చదివిన అంకే పేరైపోయింది. ఆ పిల్ల మధ్యాహ్న భోజనం మానేసింది. ఇంట్లో మాత్రం తిన్నానని చెప్పేది. చుడీదారు బిగువు చేయించుకోవడానికి వచ్చి, నడుము తగ్గిందని ఎంతో సంబరపడింది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసుకు చేరబోతున్న పిల్లల చేత మనమే కంచం వదిలిస్తున్నాం.

బక్కపలచని పిల్లలనూ వదలరు. మా గడచిరోలి జిల్లాలో సికిల్ సెల్ జబ్బున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. కీళ్లు, ఎముకలు భరించలేనంతగా నొప్పి పెడతాయి, కళ్లు పచ్చబడతాయి, ఎదుగుదల వెనకబడుతుంది. అలాంటి కుర్రవాణ్ని పట్టుకుని "ఎముకల గూడు, గాలికి ఎగిరిపోతావు" అంటారు! 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది. రోజూ వెక్కిరింత తినేవాడు రక్తపరీక్షకు ముందుకు వస్తాడా? నొప్పిని కూడా దాచుకుంటాడు.

నా దుకాణంలో కొలతలు పైకి చదవను, నేనే రాసుకుంటాను. బడిలో కూడా అది సాధ్యమే. తెర కట్టి పిల్లలను ఒక్కొక్కరినే పిలవాలి, బరువు కార్డు మీద రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలి. తిండి మానేసిన పిల్లలున్న ఇళ్లవాళ్లు మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు.

మా విదర్భలో జూన్ నెలాఖరులో బడులు తెరుస్తారు. ఈసారి తూకం యంత్రం బయటికి తీసే ముందే ప్రధానోపాధ్యాయులు ఈ ఏర్పాటు చేయాలని వేడుకుంటున్నాను.

— ఒక కుట్టుపని మహిళ, సిరోంచ, గడచిరోలి జిల్లా, మహారాష్ట్ర