ఆ సిమ్‌లింక్ అప్పుడే కొట్టకు మామా

మామా,

ఉబుంటు లైనక్స్ 20.04 వెర్షన్‌ని ఎందుకు వదిలావని నేనడగను, 2025 మే నెలతో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మారాల్సిందే. కానీ 22.04కి వెళ్లాక కాసేపు ఆగి ప్రోగ్రాములన్నీ ఒకసారి తెరిచి చూసుకోవాలి కదరా, అదే ఊపులో 24.04కి ఎక్కేశావు, ఇప్పుడు ఏ ఎర్రర్ ఎక్కడ పుట్టిందో తెలియక టెన్షన్ పడుతున్నావు.

నువ్వు పంపిన ఎర్రర్లు రెండూ "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అనే మొదలవుతాయి, అంటే ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడ్ ఫైల్ (లైబ్రరీ) లేదనే రెండూ అంటాయి. అమీర్‌పేటలో నీకు లైనక్స్ నేర్పిన సార్ ఇలాంటప్పుడు సిమ్‌లింక్ (ఉన్న ఫైల్‌కి ఇంకో పేరుతో పెట్టే లింక్) కొట్టెయ్యమన్నారన్నావు. ఆ మందు ఒకదానికే పనిచేస్తుంది.

పనిచేయనిది ముందు చెప్తా. మీ బాబాయ్ బేగంబజార్ షాపు బిల్లింగ్ ప్రోగ్రాం అడిగేది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 1.1, అంటే నెట్ మీద డేటాని భద్రంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఫైల్. ఉబుంటులో 22.04 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వచ్చింది, ఫైల్ పేరు చివర 1.1 పోయి 3 అయింది. ఆ నంబర్‌ని ఊరికే మార్చరు, పాత ప్రోగ్రాములతో పొసగనంతగా లోపల మారిందని చెప్పడానికే మారుస్తారు. నువ్వు 3 ఫైల్‌కి 1.1 అని లింక్ పెట్టావనుకో, ఫైల్ లేదన్న గొడవ పోయి "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 వెర్షన్ నాట్ ఫౌండ్" అని ఇంకోటి మొదలవుతుంది, ఎందుకంటే తనకు కావాల్సిన ఫంక్షన్లు ఏ వెర్షన్‌వో ప్రోగ్రాం లోపలే రాసి ఉంటుంది. కోఠి బోర్డు తగిలించినంత మాత్రాన మెహిదీపట్నం బస్సు కోఠికి పోతుందా?

అందుకే ముందు ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేసి 24.04కి కొత్త బిల్డ్ ఉందేమో అడుగు. లేదంటే డాకర్‌లో 20.04 కంటైనర్ (నీ సిస్టమ్ లోపలే విడిగా ఉండే పాత ఉబుంటు అనుకో) పెట్టి అందులో నడుపు. అదీ కుదరకపోతే పాత లైబ్రరీని ఆ ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే ఉంచి, దాన్ని స్టార్ట్ చేసే స్క్రిప్ట్‌లో మాత్రమే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీలు ముందు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) పెట్టు. టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో పెట్టావంటే టెర్మినల్లో నువ్వు తెరిచే ప్రతిదీ ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అందులో పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ కూడా ఉందంటే సంబంధం లేనివి కూడా కూలతాయి. ఇంకోటి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి 2023 సెప్టెంబర్ తర్వాత మామూలు జనానికి ప్యాచ్‌లు రావట్లేదు. షాపు బిల్లులు నెట్ మీద పంపే ప్రోగ్రాం కాబట్టి దీన్ని ఏళ్ల తరబడి సాగదీయకు.

ఇక నీ ఆరకిల్ డేటాబేస్ క్లయింట్ అడిగే లిబ్‌ఏఐఓ డాట్ ఎస్‌ఓ డాట్ 1. దీని కథ వేరే, నాకైతే భలే నచ్చింది. 32 బిట్ల టైమ్ లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది కదా, అందుకని 24.04లో 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్ల కోసం దాన్ని 64 బిట్లకి మార్చారు, ఆ దెబ్బకి బోలెడు ప్యాకేజీల పేర్ల చివర టీ64 అని తగిలింది. చాలావాటికి ప్యాకేజీ పేరే మారింది, దీనికి మాత్రం ఫైల్ పేరు కూడా 1టీ64 అయింది. నీ 64 బిట్ ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో టైమ్ ఎప్పుడో 64 బిట్లే, లోపల సరుకు అదే. లిబ్‌ఏఐఓ1టీ64 ప్యాకేజీ వేసుకుని, ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పాత పేరుతో లింక్ పెట్టు, నడుస్తుంది. మీ సార్ పరువు ఇక్కడ దక్కింది.

రెండూ అయ్యాక ఇంకేదైనా మొరాయిస్తే దాని మీద ఎల్‌డీడీ (ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు కావాలో చూపే కమాండ్) కొట్టి "నాట్ ఫౌండ్" లైన్లు చూడు, ఆ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో ఏపీటీ-ఫైల్ అనే కమాండ్ చెప్తుంది. నమ్మకం లేని చోట నుంచి దించిన ప్రోగ్రాం మీద మాత్రం ఎల్‌డీడీ వద్దు, ఒక్కోసారి అది ప్రోగ్రాంని నడిపేస్తుంది కూడా, నడపకుండా చదివి చూపే రీడ్‌ఎల్ఫ్ వాడు. నువ్వే కంపైల్ చేసి యూజర్ లోకల్‌లో పెట్టిన లైబ్రరీ అయితే లైబ్రరీల జాబితాని తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్‌ని ఒకసారి సుడోతో కొడితే చాలు.

దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే గ్లిబ్‌సీ లైబ్రరీ జోలికి మాత్రం పోకు. ఎక్కడిదో లిబ్‌సీ డాట్ ఎస్‌ఓ డాట్ 6 తెచ్చి ఉన్నదాని మీద రాశావంటే ఎల్‌ఎస్, సీపీ లాంటి మామూలు కమాండ్లు కూడా లేవవు, ఇక పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసుకోవడమే.

రాత్రికి ఎల్‌డీడీ అవుట్‌పుట్ మొత్తం కాపీ చేసి పంపు. మొన్నటిలా మానిటర్‌కి ఫోన్ అడ్డంగా పెట్టి తీసిన ఫోటో వద్దు, అందులో కొన్ని లైన్లకి చివరి నంబర్లే కట్ అయ్యాయి.