ముందు రుచి చూడనివ్వండి, పేరు తర్వాత చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో వైన్ గురించి వేసిన పూర్తి పేజీ వ్యాసం శ్రద్ధగా చదివాను. గ్లాసు ఎలా పట్టుకోవాలి, ఏ దేశపు సీసాకి ఎంత పేరుంది, వందకి ఎన్ని మార్కులు వచ్చిన వైన్ కొనాలి, మాంసానికి ఎరుపు, చేపకి తెలుపు... ఇవన్నీ ఉన్నాయి. నోట్లో పోసుకున్నాక ఏం జరుగుతుందో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తింటూ, మాట్లాడుకుంటూ రుచి చూస్తే కలిగే సంతోషం ఊసే లేదు. ఆ పేజీ చదివిన కొత్తవాళ్ళకి వైన్ మీద ఇష్టం పుట్టదు, టెన్షన్ పుడుతుంది. ఎక్కడ ఏ తప్పు మాట అంటామో, ఎవరు నవ్వుతారో అని నోరు కట్టేసుకుంటారు. నాకు బాధ కలిగింది అక్కడే.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక మా స్నేహితులం కొందరం అప్పుడప్పుడు ఒకరింట్లో కలిసి వైన్లు రుచి చూస్తున్నాం. మాలో ఒకావిడ నర్సు, ఒకాయన ఫొటోగ్రాఫరు, మా మరిది, ఆయన భార్య, ఇంకా ఒకరిద్దరు. ఎవరికీ పెద్ద పాండిత్యం లేదు. కానీ ఒక నియమం మాత్రం ఎవరం తప్పం. సీసాలకి కాగితం చుట్టి, మెడ దాకా కప్పి, పైన అంకె వేస్తాం. చుట్టేది ఒకరు, పోసేది మరొకరు. మొదటి గుక్క తాగాక ఎవరూ మాట్లాడకూడదు. ముందు ఎవరి కాగితం మీద వాళ్ళు రెండు ముక్కలు రాసుకోవాలి. ఆ తర్వాతే మాటలు. అప్పుడు తిండి తెస్తాం, అవే వైన్లు తిండితో మళ్ళీ తాగి చూస్తాం, అభిప్రాయం మారితే అదీ రాస్తాం. కాగితాలు విప్పేది అన్నీ అయ్యాకే.

ఇంత తతంగం ఎందుకని మీ వ్యాసకర్త అడగొచ్చు. ఎందుకంటే కన్ను నాలుకని మోసం చేస్తుంది. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఒక తెల్ల వైన్, అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపిన గ్లాసు ఇచ్చారు. రంగు కలిపిన గ్లాసుని వాళ్ళు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్ళేమీ కొత్తవాళ్ళు కాదు. 2008లో అమెరికాలో ఇంకో ప్రయోగం చేశారు. ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి తాగించి, తాగుతున్నంతసేపూ మెదడుని స్కాన్ తీశారు. ఖరీదైనదని చెప్పినప్పుడు మెదడులో ఇష్టానికి సంబంధించిన భాగం ఎక్కువగా పనిచేసింది. అంటే వాళ్ళు గొప్ప కోసం బాగుందని అనలేదు, వాళ్ళకి నిజంగానే ఎక్కువ బాగుంది. నాకు ఈ రెండో ప్రయోగమే ముఖ్యం. ధర చూసి మెచ్చుకునేవాళ్ళని మనం డాబు మనుషులని తీసిపారేస్తాం, అది న్యాయం కాదు. ధర తెలిస్తే ఎవరి మెదడైనా అలాగే పనిచేయొచ్చు. అది తెలియకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

పేరున్నవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వైన్ వ్యాపారి ఫ్రెంచ్ వైన్లనీ కాలిఫోర్నియా వైన్లనీ పేర్లు తెలియకుండా పక్కపక్కన పెట్టి రుచి చూపించాడు. తీర్పు చెప్పినవాళ్ళు ఫ్రెంచ్ నిపుణులు. తెల్లవాటిలో షాతో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ మొదటి స్థానంలో వచ్చాయి. రెండూ కాలిఫోర్నియావి, రెండూ 1973 పంటవి. ఇందులో ఫ్రెంచ్ వైన్‌కి అవమానమేమీ లేదు, మరో రోజు పెడితే వరస మారినా మారొచ్చు. పేరు కనపడి ఉంటే ఆ తీర్పు వచ్చేదా అన్నదే నా ప్రశ్న.

ఇక తిండి సంగతి. మీ వ్యాసంలో నన్ను ఎక్కువ నిరాశపరిచిన భాగం ఇదే, ఎందుకంటే అసలు విందు అంతా ఇక్కడే ఉంది. ఏ వైన్‌కి ఏ వంట అని పట్టిక ఇచ్చారు. పట్టిక అక్కర్లేదు సార్. ఒక పళ్ళెంలో నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు, ఒక చీజ్ ముక్క, ఏదైనా తీపి, కొంచెం కారంగా ఉన్నది పెట్టుకోమనండి. తీపి లేని తెల్ల వైన్ ఒక గుక్క తాగి, ఉప్పు అద్దిన నిమ్మచెక్క నాకి, మళ్ళీ అదే వైన్ తాగమనండి. ఇందాక పుల్లగా గుచ్చుకున్న వైన్ ఇప్పుడు మెత్తబడి, పండు రుచి పైకి తేలుతుంది. తర్వాత తీపి కొరికి తాగమనండి. అదే వైన్ నీరసంగా, పుల్లగా, ఒక్కోసారి చేదుగా తోస్తుంది. వైన్ మారలేదు, నోరు మారింది. మా నర్సు స్నేహితురాలు మొదటిసారి ఇది చేసినప్పుడు ఎవరో గ్లాసు మార్చేశారని వాదించింది, మళ్ళీ మొదటినుంచి చేయించింది. ఆ రాత్రి ఆవిడకి దొరికింది ఏ పట్టికలోనూ దొరకదు.

ఎర్ర వైన్‌లో వగరు ఉంటుంది కదా, అది ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్ల వల్ల. తెల్ల వైన్‌కి సాధారణంగా రసం మాత్రమే పులియబెడతారు, ఎర్ర వైన్‌కి తొక్కలతో సహా పులియబెడతారు. ఆ టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటాయి, దాంతో నోటి జారుడు పోయి లోపల గరుకుగా, ఎండినట్టు అవుతుంది. ఎక్కువసేపు మరిగిన టీ తాగితే నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అలా. అప్పుడు ఒక చీజ్ ముక్కో, వేయించిన మాంసం ముక్కో నమిలితే టానిన్లు అందులోని ప్రొటీన్లతో, కొవ్వుతో కలుస్తాయి, నోరు తేలికపడుతుంది. మాంసానికి ఎరుపు అన్న మాట వెనక ఉన్నది ఇదే. కారణం తెలిస్తే నియమం బట్టీ పట్టక్కర్లేదు. మాంసం తినని మా మరిది భార్య పాత చీజ్‌తో, నూనెలో బాగా వేగిన పుట్టగొడుగులతో అదే వైన్‌ని హాయిగా తాగుతుంది.

కారం విషయం జాగ్రత్త. ఆల్కహాల్ కారపు మంటని పెంచుతుంది. 14 శాతం, 15 శాతం ఆల్కహాల్ ఉన్న బలమైన ఎర్ర వైన్‌ని బాగా కారంగా ఉన్న వంటతో పెడితే నోరు భగ్గుమంటుంది, వైన్ రుచీ తెలియదు, వంట రుచీ తెలియదు. జర్మనీ మోజెల్ లోయలో పండే రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్లలో కొన్ని 8, 9 శాతంతోనే, కొద్దిగా తీపితో, మంచి పులుపుతో ఉంటాయి. కారానికి అవి చల్లగా పనిచేస్తాయి. మా బల్ల మీద అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే సీసా సాధారణంగా అదే. తీపి వైన్ తెలియనివాళ్ళు తాగేదని మీ వ్యాసంలో ఒక మాట ఉంది, దయచేసి వెనక్కి తీసుకోండి. సోటెర్న్, టొకాయ్ లాంటి తీపి వైన్ల కోసం బూజు పట్టి ముడుచుకున్న ద్రాక్షపళ్ళని ఏరి ఏరి కోస్తారు. అంత శ్రమతో తయారయ్యేదాన్ని అలా చిన్నచూపు చూడకూడదు.

చేపకి తెలుపు అన్నదానికీ కారణం ఉంది, మినహాయింపూ ఉంది. ఎర్ర వైన్‌తో చేప తిన్నప్పుడు కొన్నిసార్లు నోట్లో నీచువాసన మిగులుతుంది. 2009లో జపాన్ పరిశోధకులు దీని మీద పనిచేసి, అసలు కారకం వైన్‌లో ఉన్న ఇనుము అని చూపించారు. ఇనుము ఎక్కువైన కొద్దీ నీచు ఎక్కువ. అయితే ఎర్రవన్నీ అలా ఉండవు. వగరు తక్కువగా ఉండే పినో నువార్ అనే ఎర్ర వైన్‌తో కాల్చిన సాల్మన్ చేప మా అందరికీ నచ్చింది. నచ్చనివాళ్ళు ఉంటే వాళ్ళదీ సరైన మాటే.

ఈ చివరి మాట ఊరికే మర్యాదకి అనడం లేదు. ఒకరి ముక్కు ఒకరి ముక్కులాంటిది కాదు. సిరా అనే ఎర్ర ద్రాక్షతో చేసిన కొన్ని వైన్లలో మిరియాల వాసన వస్తుంది. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని ద్రాక్షలో కనిపెట్టారు. మిరియాల్లో ఉన్నదీ అదే. అయితే వాళ్ళు పరీక్షించినవాళ్ళలో సుమారు అయిదో వంతు మందికి పరీక్షలో పెట్టిన అత్యధిక మోతాదులో కూడా ఆ పదార్థం వాసనే తెలియలేదు. మా ఫొటోగ్రాఫరు మిత్రుడు అలాంటివాడే అని మా అనుమానం. అందరం మిరియాలు, మిరియాలు అంటుంటే ఆయన కాగితం మీద నల్లద్రాక్ష, తోలు అని రాసి ఉండేది. ఇది చదివాక ఆయన ముఖం వెలిగిపోయింది. మరి ఆయన లాంటి పాఠకుడు మీ పేజీలో ‘మిరియాల ఘాటు తప్పక గమనించాలి’ అని చదివితే ఏమనుకుంటాడు? తనకి వైన్ పట్టుబడదనుకుని వదిలేస్తాడు. స్నేహితులతో కలిసి తాగడంలో ఉన్న విలువ ఇదే. నా ముక్కుకి అందనిది ఇంకొకరు చెబుతారు, వాళ్ళకి అందనిది నేను చెబుతాను, ఎవరం ఎవరినీ దిద్దం.

ముందు రాసుకుని తర్వాత మాట్లాడటం వల్ల ఇంకో మేలుంది. ఒక సాయంత్రం మూడో అంకె సీసా తాగి అందరం తలొంచుకుని రాస్తున్నాం. ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు. కాగితాలు చదివితే తడిసిన అట్టపెట్టె, మూసేసిన గది, పాత గోనె... అందరివీ అవే మాటలు. అది కార్క్ మూత వల్ల వచ్చే లోపం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది. వైన్‌లో దీన్ని గుర్తించింది స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు, 1980ల మొదట్లో. కాగితం విప్పితే ఆ రోజు తెచ్చినవాటిలో అదే ఖరీదైన సీసా. పేరు ముందే తెలిసుంటే మాలో ఎంతమందిమి ఆ అట్టపెట్టె వాసనని పాత వైన్ గొప్పతనం అనుకునేవాళ్ళమో! కొట్టువాళ్ళు మారుమాట లేకుండా వేరే సీసా ఇచ్చారు. లోపమున్న వైన్‌ని తిరిగి ఇవ్వవచ్చని మీ వ్యాసంలో రాసి ఉంటే ఎంతమందికో పనికొచ్చేది.

ఎర్ర వైన్‌ని గది వేడిమిలో తాగాలని కూడా రాశారు. ఏ గది, ఏ కాలం? చాలా ఎర్ర వైన్లు 15 నుంచి 18 డిగ్రీల మధ్య బాగుంటాయి. అంతకన్నా వేడెక్కితే ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది. తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన విషయం. ఎర్ర వైన్ గుండెకి మంచిదని మీ వ్యాసం చివర పెట్టెకట్టి వేశారు. అది తప్పుదారి పట్టించే మాట. ఆల్కహాల్ ఏ మోతాదులోనూ ఆరోగ్యానికి సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ప్రకటించింది. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, అది 1988 నుంచీ ఉంది. మేం వైన్ తాగేది మందుగా కాదు, రుచి కోసం, స్నేహం కోసం. అందుకే కొలత పాటిస్తాం. రుచి చూడటానికి 50 మిల్లీలీటర్లు చాలు, 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి ఆ లెక్కన 15 మందికి వస్తుంది. ఉమ్మడానికి గిన్నె పెడతాం. ఉమ్మేస్తే ఎవరూ వింతగా చూడరు, వృత్తిగా రుచి చూసేవాళ్ళంతా చేసేది అదే. బండి నడిపేవాళ్ళు నోట్లోకి తీసుకోరు, వాసన చూసి రాస్తారు. మా మరిది అసలు తాగడు. అయినా మాలో అందరికంటే నమ్మకమైన ముక్కు ఆయనదే. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే కాబట్టి ఆయన ఏమీ పోగొట్టుకోవడం లేదు. తాగనివాళ్ళకి కూడా ఆ బల్ల దగ్గర కుర్చీ ఉందని మీరు రాయాలి. తాగమని వాళ్ళని బలవంతపెట్టేవాళ్ళని పిలవకూడదని కూడా రాయాలి.

మీరు ఈ శీర్షిక కొనసాగిస్తామని ప్రకటించారు కాబట్టి నా విన్నపం ఇది. వచ్చేసారి నిపుణుల మార్కులు వేయకండి. వేర్వేరు పనులు చేసుకునే నలుగురైదుగురు పాఠకులని కూర్చోబెట్టి, కాగితం చుట్టిన సీసాలతో, మామూలు భోజనంతో రుచి చూపించి, వాళ్ళు రాసుకున్న మాటల్ని దిద్దకుండా అచ్చు వేయండి. ఒకరికి నచ్చి ఒకరికి నచ్చకపోతే రెండూ వేయండి. ప్రతి వైన్ పక్కన ఆల్కహాల్ శాతం రాయండి. గుండెకి మంచిదన్న ఆ పెట్టెకి సవరణ మాత్రం వచ్చే ఆదివారమే, అదే పేజీలో, కనపడేంత అక్షరాల్లో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ రసాయనశాస్త్ర అధ్యాపకురాలు