సీవాళిలో బాతు

వెస్ట్ మాంబళం, చెన్నై
ఆదివారం మధ్యాహ్నం

చి.ల.సౌ. శారదకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నగారి మోకాలినొప్పి ఎప్పటిలాగే ఉంది, ఆయన ఎప్పటిలాగే నూనె రాయించుకోవడం లేదు. మూడు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. పని ఒత్తిడి అయి ఉంటుందని ఆయన అంటున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. నువ్వు మీ అపార్ట్‌మెంటు పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్కో పాత్రకు ఒక్కో వాద్యం పలికే ఆ ‘పీటర్ అండ్ ద వూల్ఫ్’ తోడేలు కథ చెబుతున్న వీడియోను మొన్న రాజాం పిన్ని పంపింది. నాలుగుసార్లు చూశాను. ముప్ఫై రెండేళ్లు బడిలో పాఠం చెప్పిన నోరు కనుక చూసి ఊరుకోలేక నాలుగు మాటలు రాస్తున్నాను. పిన్ని ఆ వీడియోతో పాటు ఇంకొక మాట కూడా నా చెవిన వేసింది. అది తరవాత రాస్తాను.

ముందు బాగున్న సంగతి చెబుతాను. నీ గొంతు బాగుంది. పిల్లి చెట్టెక్కేటప్పుడు క్లారినెట్ అబ్బాయి గబగబా మెట్లెక్కినట్టు వాయిస్తుంటే నువ్వు మాట్లాడకుండా ఆగావు చూడు, అది చాలా బాగుంది. చిక్కిపోయినట్టు కనిపించావు, అది మాత్రం బాగాలేదు.

ఇక బాగులేనిది. కథ మొదలుపెట్టకముందే ఇది ఫ్లూటు, ఇది ఒబో, ఇది బసూన్ అని పేర్లన్నీ వరసగా చదివావు. గుణింతం అప్పజెప్పించినట్టు ఉంది. ముందు వరసలో ఎర్రగౌను పిల్ల అప్పుడే ఆవులించింది, నువ్వు గమనించలేదు. పసిపిల్లలకు ముందు ధ్వని చెవిలో పడాలి. ఆ ధ్వని ఎవరిదని వాళ్లే అడగాలి. పిట్ట అని తెలిసిన తరవాత ఆ పిట్ట ఏ గొట్టంలో నుంచి వచ్చిందో చూపించాలి. అప్పుడు ఫ్లూటు అన్న పేరు చెప్పినా చెప్పకపోయినా ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మను అడిగి తెలుసుకుంటారు. నేను అక్షరాలు నేర్పినప్పుడు కూడా ముందు పలక ఇవ్వలేదు, పాట ఇచ్చాను. నీకూ అలాగే నేర్పాను. అది మరిచిపోయి ఉంటావు.

ఇంకొకటి. హార్ను వాయించే ఆయన కుడిచేతిని ఆ పెద్ద ఇత్తడి నోట్లో పెట్టుకుని కూర్చుంటే ఒక కళ్లజోడు పిల్లవాడు, “అంకుల్ చెయ్యి ఎందుకు లోపల పెట్టారు?” అని అడిగాడు. నువ్వేమో “తరవాత చెబుతాను నాన్నా” అని తోడేలు దగ్గరకు వెళ్లిపోయావు. ఆ రోజు ఆ గదిలో పుట్టిన అసలైన ప్రశ్న అదొక్కటే. ఆ చేతితోనే ధ్వనిని మెత్తపరుస్తారనీ, మీటలు లేని కాలంలో ఆ చేతితోనే కొన్ని స్వరాలు పుట్టించేవారనీ, చుట్టలు చుట్టిన ఆ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు పన్నెండు అడుగులు ఉంటుందనీ నీకు తెలుసు. గది గోడ పక్కన పన్నెండు అడుగులు కొలిచి చూపించి ఉంటే ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోడు. తోడేలు రెండు నిమిషాలు ఆగితే ఏమయ్యేది? పైగా ఈ కథ కట్టిన రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ తన తోడేలుకు మూడు హార్నులు పెట్టాడు. నీ దగ్గర ఒకటే ఉంది. మిగతా ఇద్దరికీ డబ్బు ఇవ్వవలసి వస్తుందని పిలవలేదేమో. అన్నట్టు ఈ వాయించేవాళ్లకు డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఊరికే అడిగాను.

ఆ కథ పుట్టిన వైనం నీకు తెలిసే ఉంటుంది కానీ ఒకసారి గుర్తు చేస్తాను. మాస్కోలో పిల్లల నాటకశాల నడుపుతున్న నతాలియా సాట్స్ అనే ఆవిడ, పిల్లలకు వాద్యాలను పరిచయం చేసే కథ ఒకటి కావాలని ప్రొకోఫియెవ్‌ను అడిగి రాయించుకుంది. అది 1936. మే 2న మొదటి ప్రదర్శన జరిగితే జనం పలచగా వచ్చారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల పిల్లలకు ఆర్కెస్ట్రా చూపించాలన్నా ఆ బాతునూ ఆ పిల్లినీ పిలవకుండా పని జరగడం లేదు. అయితే ఆ పలచని సభ వల్ల ప్రొకోఫియెవ్ ఇంట్లో పొయ్యి ఆరిపోలేదు. ఆయన చేతిలో బాలేలు, సినిమా సంగీతం ఇంకా ఎన్నో ఉన్నాయి. సాట్స్ సంగతి వేరు. మరుసటి ఏడాదే ఆ మహాతల్లిని పట్టుకుపోయి శిబిరంలో పెట్టారు. అది స్టాలిన్ కాలపు దారుణం, తోడేలు కథకూ దానికీ సంబంధం లేదు, మీ బెంగళూరు మహదేవపురలో అలాంటివి జరగవని నాకూ తెలుసు. 1965లో ఆవిడే మళ్లీ మాస్కోలో పిల్లల కోసం సంగీత నాటకశాల స్థాపించింది. ఇలాంటి పనికి ఎంత కాలం పడుతుందో చూడు అని మాత్రమే రాస్తున్నాను.

నువ్వు ఉద్యోగం మానేశావని పిన్ని అన్నది. ఆమె కోడలు నీ స్టేటస్‌లో “ఇకపై పూర్తికాలం” అన్న మాట చూసిందట. నేను నమ్మలేదు. శారద అలాంటిది చేస్తే ముందు మాకు చెబుతుంది అన్నాను.

సరే, బాతు గొంతు పలికే ఒబో దగ్గరకు వస్తాను. నువ్వు బాతును రికార్డింగులో వినిపించావు. ఒబో వాయించేవాళ్లు దొరకడం కష్టమే. కానీ అన్నీ ఎదురుగా వాయిస్తూ బాతును ఒక్కదాన్నీ డబ్బాలోంచి పలికిస్తే పిల్లలకు అది బాతు కాదు, ఫోను. ఈ చిక్కు నాకూ వచ్చింది. 1994లో నువ్వు ఒకటో తరగతిలో ఉండగా మా బడి వార్షికోత్సవానికి నేను ఇదే కథను తెలుగులో చెప్పించాను. మా సంగీతం టీచరు కాసెట్టు ఇచ్చింది. వాద్యాలు ఎక్కడివి? పెళ్లి బ్యాండు మేస్త్రి ఉన్నాడు కదా, ఆయన పిల్లికి క్లారినెట్ వాయిస్తానన్నాడు. తోడేలుకు ఆయన మనుషులే ముగ్గురు ట్రంపెట్లు పట్టుకున్నారు. తాతయ్యకు బసూన్ దొరకక యుఫోనియం అనే ఇత్తడి వాద్యం పెట్టాము. వేటగాళ్ల తుపాకులకు పెద్ద డ్రమ్ము. పిట్టకు తొమ్మిదో తరగతి పిల్లవాడి వేణువు. కథానాయకుడికి మా సోముడు అని పేరు పెట్టి, ఇద్దరు ఆడపిల్లల చేత వయొలిన్ వాయింపించాము. బాతుకే ఎవరూ లేరు. ఒబోకూ నాదస్వరానికీ ఒకటే కిటుకు, రెండింటికీ జంట పుల్ల నోట్లో పెట్టుకుని ఊదాలి అని మేస్త్రి చెప్పాడు. గుడిలో నాదస్వర విద్వాంసుల వారిని బతిమాలుకున్నాను. “బాతా?” అని ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. మీ నాన్నగారి మీది గౌరవంతో ఒప్పుకున్నారు.

రిహార్సలు బడి ఆవరణలో జరిగింది కనుక ఏమీ తెలియలేదు. ఉత్సవం రోజున హాలు తలుపులన్నీ మూసి ఉన్నాయి. విద్వాంసుల వారు వాద్యానికి వేలాడే పుల్లల గుత్తిలో నుంచి ఒక సీవాళి తీసి, నోట్లో తడిపి, వేళ్లతో నొక్కి సవరించుకుని బిగించారు. “బాతు చెరువులోకి దిగింది” అని నేను అన్నాను. ఆయన ఊదారు. ఇక నీకేం చెప్పను తల్లీ! నాదస్వరం ఆరుబయట రథం ముందు నడవడానికి పుట్టిన వాద్యం, నాలుగు గోడల మధ్య అది పలికితే కిటికీ అద్దాలు అదిరాయి. ఒకటో తరగతి మొత్తం లేచి నిలబడింది. కొందరు చేతులు జోడించారు, ఒకమ్మాయి లెంపలు కూడా వేసుకుంది. వెనక నుంచి ఎవరో, “టీచర్, బాతుకు పెళ్లా?” అని అరిచారు. జోడించిన చేతులు చూసేసరికి ఆ పెద్దాయనకు పాత అలవాటు పైకి వచ్చిందేమో, నేను రాసి ఇచ్చిన రెండు వరసలు వదిలేసి గంభీరనాట రాగంలో మల్లారి ఎత్తుకున్నారు. అది దేవుడి ఊరేగింపు బయలుదేరేటప్పుడు వాయించేది. బాతు ఊరేగుతోంది, తోడేలు ముగ్గురూ ట్రంపెట్లు ఒళ్లో పెట్టుకుని తాళం వేస్తున్నారు, హెడ్‌మిస్ట్రెస్ వాచీ చూసుకుంటున్నారు. మీ నాన్నగారు మాత్రం కళ్లు మూసుకుని తల ఊపారు. ఎలాగో తోడేలు వచ్చి బాతును మింగింది. మింగగానే నువ్వు అందుకున్నావు ఏడుపు.

ఇంటికి వచ్చినా ఆపలేదు. అన్నం ముట్టలేదు. తోడేలు తొందరలో నమలకుండా మింగింది, బాతు కడుపులో బతికే ఉంది, కథ చివర జాగ్రత్తగా వింటే దాని గొంతు వినిపిస్తుంది అని నేను ఎంత చెప్పినా నువ్వు వినలేదు. వినిపించింది కాదు కదా, నాకు వినిపించలేదు అన్నావు. న్యాయమే. మా ప్రదర్శనలో చివరికి డ్రమ్ము తప్ప ఏదీ వినిపించలేదు. మర్నాడు పొద్దున్నే నాన్నగారు నిన్ను ఎత్తుకుని గుడికి తీసుకువెళ్లారు. విద్వాంసుల వారు అంతా విని, వాద్యంలో నుంచి సీవాళి ఒక్కటీ ఊడదీసి, గొట్టం లేకుండా ఉత్త పుల్లను పెదవుల మధ్య పెట్టుకుని నీ చెవి దగ్గర మెల్లగా ఊదారు. క్వాక్ క్వాక్‌మని అచ్చం బాతే. నువ్వు ఏడుపు ఆపి ఆయన నోట్లోకి తొంగి చూశావు. ఆయన ఆ సీవాళిని నీ చేతిలో పెట్టారు. నాలుగు రోజులు మన ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆ సీవాళి ఇప్పటికీ నీ పాత పెన్సిలు డబ్బాలో ఉంది. అటక దులుపుతుంటే కనిపించింది. అంచు చీలింది, ఊదితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. బెంగళూరులో కూడా నాదస్వరం వాయించేవాళ్లు ఉంటారు కదా. కొత్త పుల్ల ఒకటి అడిగి తెచ్చుకుని, ముందు పుల్ల ఒక్కదాన్ని ఊది, ఆ తరవాత ఒబో వినిపించు. రెండు పుల్లలు ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఇంత గొంతు పుడుతుందని అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది. వాద్యాన్ని తాకనివ్వు. అరిగిపోదు.

కథ అంతా ఇంగ్లీషులో చెప్పావు. అక్కడ కన్నడం వాళ్లు, తమిళం వాళ్లు ఉన్నారు, నిజమే. కానీ వీడియోలో సగం మంది పిల్లలు తమలో తాము తెలుగులో గుసగుసలాడుకుంటున్నారు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు ఒక్కడే చెప్పడు, ఇటు ఒకరు అటు ఒకరు డక్కీలతో నిలబడి “తందాన తాన” అని అందుకుంటారు, ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు ఎదురు ప్రశ్న వేస్తారు. నీకు అలాంటి వంతలు కావాలి. ఆ కళ్లజోడు పిల్లవాణ్ణే ఒక వంతగా నిలబెట్టు. పడమటి వాద్యం మన వాళ్లకు కొత్త అని భయపడవద్దు. ఇదే మద్రాసులో బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చుకున్నారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు మట్లకు సంస్కృతం కట్టారు. నీకు మొట్టమొదట నేర్పిన “శక్తిసహిత గణపతిం” అలాంటి నోటుస్వరమే. దాన్ని ఫ్లూటు మీద వాయించి చూపించు, పిల్లల తల్లులు కూడా దగ్గరకు వస్తారు. వీలైతే ఒక ఆదివారం అందరినీ మల్లేశ్వరం తీసుకువెళ్లి చౌడయ్య హాలు బయట నుంచి చూపించు. కట్టడమే వయొలిన్ ఆకారంలో ఉంటే దేనికి ఏ పేరో పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు. ఎండకు టోపీలు పెట్టించు. నువ్వూ పెట్టుకో.

పాఠం చెప్పకూడదని మొదట అనుకున్నాను, చెప్పేశాను. ఇక ఒక్కటే. సాన్-సాన్స్ అనే ఫ్రెంచి ఆయన కూడా జంతువులకు వాద్యాలు పంచాడు, ఏనుగుకు డబుల్ బాస్, హంసకు చెల్లో. అది 1886. తన పెద్దరికానికి భంగమని బతికి ఉండగా హంసను తప్ప దేనినీ అచ్చు వేయనివ్వలేదు, మొత్తం ఆయన పోయిన మరుసటి ఏడాది, 1922లో వచ్చింది. అంత సిగ్గు పడమని నేను చెప్పడం లేదు. అయితే అదే 1886లో ఆయన తన మూడో సింఫనీ కూడా పూర్తి చేశాడు. ఒక చేత్తో ఏనుగు, ఒక చేత్తో సింఫనీ. రెండూ ఒకే ఏడాదిలో కుదిరాయి. జీతం వచ్చే చోట కూర్చుని శనివారాలు తోడేలును పెంచుకోవచ్చు అని నా అభిప్రాయం. ఇంటి లోను ఇంకా పదకొండేళ్లు ఉందని అల్లుడుగారు సంక్రాంతికి అన్నారు. మీ నాన్నగారేమో, “దాని ఇష్టం, నువ్వు కలగజేసుకోవద్దు” అంటూనే నిన్న నీ వీడియో ఐదోసారి పెట్టించుకుని చూశారు. తాతయ్య బసూన్ వచ్చినప్పుడు “ఎవరీ గొణుగుడు?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు.

వచ్చే శుక్రవారం బృందావన్‌లో బయలుదేరుతున్నాను. కృష్ణరాజపురంలో దిగుతాను. గోంగూర పచ్చడి, పండుకు జంతికలు, నీకు నువ్వులపొడి తెస్తున్నాను. పెన్సిలు డబ్బా కూడా సంచిలో పెట్టాను. స్టేషనుకు ఎవరూ రానక్కరలేదు, ఆటో మాట్లాడుకుని వస్తాను. నా కోసం ఆఫీసుకు సెలవు పెట్టవద్దు. సెలవు పెట్టవలసిన అవసరమే లేకపోతే ఆ సంగతి కూడా నేను రైలెక్కేలోపు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
అమ్మ