తొలి దశ అన్నారు, మరి ఈ మూడు వారాల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య పేజీల్లో క్యాన్సర్ లక్షణాల గురించి తరచూ చదువుతుంటాం. జబ్బు నయమై ఇంటికొచ్చినవాళ్ల కథనాలూ చదువుతాం. ఈ రెంటి నడుమ కొన్ని వారాలుంటాయి, నాకైతే మూడు. జబ్బు పేరు తెలిసిపోయింది, ఆపరేషన్ ఇంకా కాలేదు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్‌తో నేనిప్పుడు అక్కడున్నాను. ఆ వారాల గురించి ఎవరూ రాయరు కనుక నేనే రాస్తున్నాను.

నాకు 58 ఏళ్లు. నెలసరి ఆగిపోయి ఏడేళ్లయింది. ఒకరోజు బట్టకు గోరంత ఎర్రమరక కనిపించింది. పట్టించుకోలేదు. పది రోజులకు మళ్లీ కనిపిస్తే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపారు. (నెలసరి ఆగాక ఇలా మరక కనిపించినవాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. కానీ ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి మొదట కనిపించేది ఆ మరకే. ఒక్కసారి కనిపించినా వెళ్లండి, నాలాగా పది రోజులు ఆగకండి.)

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ అన్న మొదటి మాట, 'మీరు అదృష్టవంతులు, తొలి దశలోనే దొరికింది' అని. అందులో అబద్ధం లేదు. అమెరికా క్యాన్సర్ లెక్కల ప్రకారం గర్భసంచి దాటకముందే బయటపడితే ఐదేళ్ల తర్వాత కూడా బతికుండే అవకాశం నూటికి దాదాపు 95. కానీ ఆ ఒక్క మాటతోనే సంభాషణ అయిపోయింది. అదృష్టవంతురాలినని తేల్చేశాక ఇంకా ఏం అడుగుతాను? ఏడ్చినా తప్పేనేమో అనిపించింది.

ఇంటికొచ్చి రిపోర్టు తెరిస్తే 'గ్రేడ్ 2' అని ఉంది. తొలి దశ అన్నారే, ఇక్కడ రెండని ఎందుకుంది? నా దగ్గర దాచారనుకున్నాను. ఆ రాత్రంతా కన్ను మూతపడలేదు. ఫోనులో వెతికేకొద్దీ భయం పెరిగింది. గ్రేడ్ అంటే కణాల రూపం మామూలు కణాలకు ఎంత తేడాగా ఉందన్నది, స్టేజి అంటే జబ్బు ఎక్కడిదాకా పాకిందన్నది. రెండూ వేరని తెలియడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

చెప్పింది డాక్టరు కాదు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు నా వాలకం చూసి ఒక నర్సు పక్కన కూర్చుంది. నా చేతిలోని స్కానింగు కవరు తీసుకుని, వెనకవైపు పెన్నుతో తలకిందులుగా ఒక త్రికోణం గీసింది. కింది కొనను చూపించి, 'ఇది గర్భసంచి ముఖద్వారం అమ్మా, మీ జబ్బు ఇక్కడ కాదు' అంది. పైన లోపలివైపు చిన్న చుక్క పెట్టి, 'ఇక్కడ' అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఇప్పుడంటున్న తొలి దశ స్కానుల్ని బట్టి వేసిన అంచనా, అసలు దశ తేలేది ఆపరేషన్లో తీసినవాటిని పరీక్షించాకేనని. తర్వాత తెలుసుకుంటే, 1988 నుంచీ ఈ క్యాన్సర్‌కు దశ నిర్ణయించే పద్ధతే అది.  ఆమె మాట వింటే భయం పెరగాలి కదా, నాకు తగ్గింది. నిజం మొత్తం చెప్పే మనిషి ఒకరు దొరికారు. ఆమె నాతో గడిపింది ఐదు నిమిషాలు. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, తనంతట తానే చేసింది.

ఇక్కడ పత్రికలతో ఒక మాట. ముఖద్వార క్యాన్సర్ వేరు, గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ వేరు. వార్తల్లో మాత్రం రెంటికీ 'గర్భాశయ క్యాన్సర్' అనే పేరే కనిపిస్తుంటుంది. దాని బరువు నామీద పడింది. వదిన ఫోన్ చేసి, 'టీకా ఉందటగా, వేయించుకోలేదా?' అని అడిగింది. ఇంకొకరు, 'అది భార్యాభర్తల మధ్య అంటుకునేదట కదా' అని గొంతు తగ్గించి అన్నారు. ఆ గొంతు తగ్గించడం నేను మరిచిపోలేను. హెచ్‌పీవీ వైరస్, దాని టీకా, ముఖద్వారం కణాలను చూసే పాప్ స్మియర్ పరీక్ష, ఇవన్నీ ముఖద్వార క్యాన్సర్‌కు సంబంధించినవి. నాకొచ్చినదానికి వైరస్‌తో పనిలేదు. ప్రొజెస్టెరాన్ అనే హార్మోను అదుపు లేకుండా ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోను ఎక్కువకాలం పనిచేయడం దీనికి పెద్ద కారణం. అధిక బరువు, మధుమేహం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయ సమస్య), రొమ్ము క్యాన్సర్‌కు వాడే టమాక్సిఫెన్, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ముప్పును పెంచుతాయి. ముప్పు పెరగడం వేరు, తప్పు చేయడం వేరు. దయచేసి ఆ రెండు జబ్బులకూ వేర్వేరు పేర్లు రాయండి.

ఆపరేషన్‌కు ముందు నా బీపీ చూశారు, షుగర్ చూశారు, ఈసీజీ తీశారు. నిద్ర పడుతోందా అని ఒక్కరూ అడగలేదు. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు. 'డిస్ట్రెస్ థర్మామీటర్' అని ఒక కాగితం ఉంది, 1998 నుంచి వాడుకలో ఉన్నదే. థర్మామీటర్ బొమ్మ మీద సున్నా నుంచి 10 దాకా అంకెలుంటాయి, గడిచిన వారంలో మీ మనోవేదన ఎంతో గుర్తు పెట్టమంటారు. అంకె ఎక్కువైతే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. ఈసీజీతో పాటు ఆ కాగితం కూడా ఇస్తే సరిపోతుంది.

ఆసుపత్రిలో నా పక్క కుర్చీలో ఇదే జబ్బుతో వచ్చిన ఒకమ్మాయి కూర్చునేది. ముప్పై నాలుగేళ్లట, పిల్లల్లేరు. 'ముందు ప్రాణం చూసుకో' అని అందరూ అంటున్నారని చెప్పింది. జబ్బు లోపలి పొర దాటకుండా, గ్రేడ్ తక్కువగా ఉన్న కొందరికి, గర్భసంచి తీయకుండా కొంతకాలం ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోను) మందులతో, గట్టి పర్యవేక్షణలో వైద్యం చేసే వీలుంటుంది. ఆమెకు అది కుదురుతుందో లేదో నాకు తెలియదు. కానీ ఆపరేషన్‌కు ముందే ఆ మాట ఆమె ముందు పెట్టాలి కదా. నా వయసుదాన్ని కూడా 'దాని పని అయిపోయిందిగా, పోతే పోయింది' అని సముదాయిస్తున్నారు. ఇద్దరు పిల్లల్ని మోసిన చోటు అది. దానికోసం నాలుగు రోజులు దిగులుపడనివ్వండి.

ఆసుపత్రులకు నా విన్నపం ఒకటే. ఆ నర్సు దయతో చేసిన పని ఎవరో ఒకరి బాధ్యత కావాలి. ఫలితం చెప్పిన రోజే, మన భాషలో, బొమ్మతో, గ్రేడ్‌కూ స్టేజికీ తేడా రాసిన ఒక కాగితం చేతికివ్వాలి. దానిమీద మనిషి పలికే ఫోన్ నంబరు ఒకటుండాలి. రెండు మూడు రోజులకు మరోసారి పిలిచి, ఈసారి మమ్మల్ని మాట్లాడనివ్వాలి. మొదటి రోజు చెప్పినవాటిలో 'క్యాన్సర్' తర్వాత ఏ మాటా నా చెవికెక్కలేదు.

బంధువుల ఫోన్లన్నీ ఇప్పుడు మా చిన్నమ్మాయే తీస్తోంది. నాకు అడగాలనిపించినవి ఆ స్కానింగు కవరు మీదే, త్రికోణం చుట్టూ రాసుకుంటున్నాను. లింఫు గ్రంథులు ఎన్ని తీస్తారు? ఆ తర్వాత రేడియేషన్ అవసరమవుతుందా? కడుపు కోస్తారా, చిన్న రంధ్రాలతోనా? పదకొండు ప్రశ్నలయ్యాయి. ఆపరేషన్ వచ్చే గురువారం. బుధవారం డాక్టరమ్మను కలిసినప్పుడు కవరు ఆమె ముందు పెట్టి, అన్నీ అడిగాకే కుర్చీలోంచి లేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు