కలల భావానికి ఫోన్ నంబరు

సంపాదకులకు,

గత కొన్ని ఆదివారాలుగా మీ పత్రిక జిల్లా పేజీల్లో, మీకొచ్చిన కల ద్వారా దేవుడు ఏం చెబుతున్నాడో దైవజనులను అడిగి తెలుసుకోండంటూ ఫోన్ నంబరుతో సహా వస్తున్న ప్రకటనలు చూసి ఈ లేఖ రాస్తున్నాను. నేను క్రైస్తవ విశ్వాసిని; చాలా ఏళ్లుగా మా సంఘంలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి. కాబట్టి దేవుడు కలలో మాట్లాడడని వాదించడం నా ఉద్దేశం కాదు. బేతేలులో రాయి తలకింద పెట్టుకుని పడుకున్న యాకోబుకు నిచ్చెన కనబడింది కలలోనే. మత్తయి సువార్త మొదటి రెండు అధ్యాయాల్లోనే ఐదు కలలున్నాయి. మీ ముసలివారు కలలు కందురని యోవేలు ప్రవక్త చెప్పిన మాటను యేసు శిష్యుడు పేతురు పెంతెకొస్తు పండుగ నాడు జనం ముందు ఎత్తి చెప్పాడు. నా అభ్యంతరమల్లా ఆ కలలకు ఇప్పుడు చెబుతున్న భావాల గురించీ, వాటి చుట్టూ పెరుగుతున్న బేరం గురించీ.

అలా కలలకు భావం చెప్పే కార్యక్రమాలు కొన్ని ఓపికగా విన్నాను. పాము కనబడితే శత్రువు, పన్ను ఊడితే ఇంట్లో మరణం, బురదనీరు అయితే జబ్బు, పెళ్లి కనబడితే కీడు. మా చిన్నతనంలో పంచాంగం చివరి పేజీల్లో బల్లిపాటు ఫలితాల పక్కన అచ్చువేసిన స్వప్న ఫలితాల పట్టికే ఇది; ఒక్కో వరుసకు ఒక్కో వచనం తగిలించారంతే. పంచాంగం మీద నాకు కోపం లేదు, అది తానేమిటో దాచుకోదు. బైబిలులో మాత్రం ఇలాంటి పట్టిక ఎక్కడా లేదు, పైగా అది పనికిరాదని చూపే కథ ఒకటుంది.

ఆదికాండం నలభయ్యో అధ్యాయంలో, ఐగుప్తు చెరసాలలో ఒకే రాత్రి ఇద్దరు ఖైదీలు కలలు కంటారు; ఒకడు రాజు ఫరోకు ద్రాక్షారసం అందించే పానదాయకుడు, మరొకడు రొట్టెలు చేసే భక్ష్యకారుడు. పానదాయకుడి కలలో ద్రాక్షావల్లికి మూడు తీగెలు, భక్ష్యకారుడి కలలో తలమీద మూడు గంపలు. రెండింటిలోనూ మూడు అంటే మూడు రోజులే. ఫరో నీ తల పైకెత్తుతాడని, అదే చెరలో ఉన్న యాకోబు కొడుకు యోసేపు ఇద్దరికీ చెప్పాడు. అయితే మొదటివాడికి ఆ మాట మళ్లీ కొలువు దొరకడం, రెండోవాడికి మ్రానుమీద వేలాడటం. ఒకే అంకె, ఒకే మాట, ఫలితం మాత్రం పూర్తిగా విరుద్ధం; పట్టిక పెట్టుకుని చెప్పేవాడైతే ఇద్దరికీ శుభమే పలికి ఉండేవాడు. అందుకే భావం విప్పడానికి ముందే యోసేపు, భావములు చెప్పుట దేవుని అధీనమే గదా అని తన గొప్పను పక్కన పెట్టుకున్నాడు. రుసుము అడగలేదు. నీకు మంచి జరిగినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రం కోరాడు, ఆ పానదాయకుడు దాన్ని కూడా రెండేళ్లపాటు మరిచిపోయాడు. తన కల భావం చెప్పిన దానియేలుకు బబులోను రాజు నెబుకద్నెజరు బహుమానాలిచ్చాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇచ్చాడు, కానీ అవి రాజు తానే ప్రకటించి ఇచ్చినవి, దానియేలు అడిగినవీ బేరమాడినవీ కావు.

మరొక సంగతి. మత్తయి సువార్త ఆరంభంలోని కలలకు అర్థం చెప్పేవాడి అవసరమే రాలేదు. మరియను చేర్చుకోవడానికి భయపడవద్దు, లేచి శిశువునూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పారిపో, హేరోదు దగ్గరికి తిరిగి వెళ్లవద్దు: అన్నీ తేటతెల్లమైన మాటలు. వాటి బరువు మోసింది కూడా కల కన్నవారే. నడిరాత్రి లేచి పసిబిడ్డతో పరదేశం దారి పట్టింది మరియ భర్త యోసేపు. వేరే దారిన ఇల్లు చేరింది జ్ఞానులు. ఇప్పుడు వినబడే కలల బరువు ఎప్పుడూ ఎదుటివాడి నెత్తిన పడుతుంది. ప్రభువు మీ గురించి నాకు కలలో బయలుపరిచాడంటూ మొదలుపెట్టి, ఆ సంబంధం వదులుకోండి, ఆ స్థలం అమ్మి మొక్కుబడి చెల్లించండి అంటారు. నాకు బాగా తెలిసిన ఒకామె, స్వస్థత కలిగిందని ఎవరో తన గురించి కల కన్నారని నమ్మి షుగర్ మాత్రలు మానేసింది. కాలి పుండు ముదిరి వేలు తీసేయాల్సి వచ్చింది. కల కన్నవారు తిరిగి పలకరించలేదు. యేసుకు తీర్పు తీర్చిన రోమా అధిపతి పిలాతు భార్య కూడా వేరొకరి గురించే, అంటే యేసు గురించే, కల కన్నది గదా అంటారేమో. నిజమే, కానీ ఆమె దానివల్ల తనకేమీ ఆశించలేదు, ఒక నీతిమంతుడి ప్రాణం నిలబెట్టడానికే ఆ కబురు పంపింది.

సంఘ చరిత్రలో ఈ విషయంలో నాకు అందరికన్నా నచ్చే మనిషి, తొలినాటి సంఘ పండితుడు అగస్టీను తల్లి మోనికా. దారి తప్పిన కొడుకు కోసం ఏడుస్తున్న రోజుల్లో, తానొక కొయ్య పలకమీద నిలబడి ఉన్నట్టూ, నువ్వున్న చోటనే నీ కొడుకూ ఉన్నాడు చూడమని ఒక యువకుడు చెప్పినట్టూ ఆమెకు కల వచ్చింది. అంటే నువ్వే నా మతంలోకి వస్తావన్నమాట అని అగస్టీను తన వైపు తిప్పుకోబోతే, వాడున్న చోట నువ్వు అనలేదు, నువ్వున్న చోట వాడు అన్నాడు అని ఆమె వెంటనే సరిదిద్దింది. ఆ తరవాత కూడా దాదాపు తొమ్మిదేళ్లు ఏడుస్తూ ప్రార్థిస్తూనే ఉంది. అగస్టీను బాప్తిస్మం పొందింది 387లో. అదే మోనికా, కొడుకు పెళ్లి విషయంలో దర్శనం ఇమ్మని దేవుణ్ణి అడిగినప్పుడు ఏవేవో కనబడ్డాయి గానీ అవి తన మనసు అల్లినవేనని పక్కన పెట్టేసింది. దేవుడు చూపినదానికీ తన మనసు కల్పించినదానికీ మాటల్లో చెప్పలేని ఒక రుచి తేడా ఉంటుందని ఆమె అనేదట. తన కలను తానే కొట్టివేయగల ఆ నిజాయితీ ప్రకటనల్లో ఎక్కడుంది?

ధాన్యముతో చెత్తకు ఏమి సంబంధమని యిర్మీయా ప్రవక్త అడిగింది సరిగ్గా కలలు కన్నామని చెప్పుకుంటూ తిరిగే ప్రవక్తలనే. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దన్న పౌలు మరు వాక్యంలోనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. మా వాళ్లు మొదటి వాక్యం కంఠతా చెబుతారు, రెండోదాని దగ్గర దగ్గు వస్తుంది.

మా అమ్మకు ఒక రాత్రి తన తోటికోడలు మా గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నట్టు కల వచ్చింది. పొలం గట్టు తగవుతో ఏళ్ల తరబడి ఆ రెండిళ్లకూ మాటల్లేవు. దాని అర్థమేమిటని అమ్మ సంఘ కాపరిని కూడా అడగలేదు. తెల్లవారగానే మా గేదె జున్ను ఒక గిన్నెలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. అది దేవుడి మాటేనా అని నేను పెద్దయ్యాక అడిగితే, ఏమోరా, వెళ్లాల్సిన చోటుకే గదా పంపింది అన్నది.

జబ్బు తగ్గిస్తామనీ కలల భావం చెబుతామనీ డబ్బు తీసుకునే ప్రకటనలను, అవి ఏ మతం పేరుతో వచ్చినా, ప్రచురించే ముందు ఒకసారి చదివి చూడమని మీ ప్రకటనల విభాగాన్ని కోరుతున్నాను. అలాగే అటువంటివారిని నమ్మి మందులు మానేసినవారి గురించి మీ విలేకరులు మా జిల్లాలో విచారించి రాస్తే, నాకు తెలిసిన కుటుంబాలను ఒప్పించి మాట్లాడించే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా