300 అంకె చూసి లెన్స్ కొనకు

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన రెండు లెన్సుల వివరాలూ చూశాను. రెండూ దూరంగా ఉన్నవాటిని దగ్గరకి లాగే కెనాన్ జూమ్ లెన్సులే, 75-300 మి.మీ. ఒకటి, 55-250 మి.మీ. ఒకటి, చివరి అంకె ఎంత పెద్దదైతే అంత దగ్గరకి లాగుతుంది. మొదటిది చవక, పైగా అంకె పెద్దది, నీ మనసు అటే లాగుతోందని మెసేజ్ చదివితేనే తెలిసిపోయింది. ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నా ఓటు 55-250కి. ఎందుకో చదువు, ఆ తర్వాత నీ ఇష్టం. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు నీది.

ముందు ఆ 300 సంగతి. నీ కెనాన్ 1500డి కెమెరాలో సెన్సర్, అంటే వెలుగుని పట్టే చిప్, ఫిల్మ్ కంటే చిన్నది కదా, లెన్సు అంకెని 1.6తో గుణించి చూడాలి. అంటే 250 దగ్గర నీకు కనబడేది నా పాత ఫిల్మ్ కెమెరాలో 400 లెన్సు పెడితే కనబడేంత, 300 అయితే 480 అంత. చూడ్డానికి చాలా తేడాలా ఉంటుంది కానీ ఫోటోలో అంత లేదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా నీది, 250లో తీసిన ఫోటోని 300లో తీసినట్టు కనబడేలా చుట్టూ కత్తిరించినా 16 మెగాపిక్సెళ్లకి పైనే మిగులుతాయి. హాల్లో గోడకి పెద్ద ప్రింటు వేయించుకోవడానికి అది చాలు.

కత్తిరించి బాగుచేసుకోలేనిది ఒకటుంది, చెయ్యి వణికి చెదిరిపోయిన ఫోటో. 75-300లో ఆ వణుకుని సర్దే ఏర్పాటే లేదు, 55-250లో ఉంది, పేరులో ఐఎస్ అని రాసుంటుంది. మామూలుగా మేం పాటించే లెక్క ఏంటంటే లెన్సు అంకె ఎంతో, షట్టర్ సెకనులో అన్నో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు, దాన్నే షట్టర్ స్పీడు అంటాం, నీ సెన్సర్‌తో కలిపి చూస్తే 250 దగ్గర 1/400 సెకను, 300 దగ్గర 1/500. పన్నెండు గంటల ఎండలో ఆ స్పీడు ఏ లెన్సుకైనా వస్తుంది. కానీ నువ్వు తీయాలంటున్నది మన గంజాం జిల్లాలో ఆస్కా వైపు భేట్నోయి ఊరి పొలాల్లో కృష్ణజింకల్ని. అవి బాగా తిరిగేది పొద్దున్నే, మళ్లీ సాయంత్రం పొద్దు వాలాక. ఆ వెలుగులో ఈ రెండు లెన్సులూ చివరికంటా జూమ్ చేస్తే అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. స్పీడు పడిపోతుంది. అలాంటప్పుడు ఐఎస్ ఉంటే నిలబడి చూస్తున్న జింకని 1/100లో కూడా చేత్తో తీయొచ్చు, అది లేకపోతే పది తీస్తే ఒకటి దక్కుతుందేమో.

ఒకటి మాత్రం గుర్తుంచుకో, ఐఎస్ నీ చేతి వణుకునే ఆపుతుంది, జింక పరుగుని ఆపదు. అది గెంతే క్షణం కావాలంటే 1/1000 పెట్టాల్సిందే, అప్పుడు ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి, 1600కో 3200కో పెంచెయ్, కాస్త గ్రెయిన్, అంటే ఇసకలాంటి చుక్కలు, వస్తే రానీ, ఫర్వాలేదు. గ్రెయిన్ ఉన్న ఫోటో ఫోటోనే, చెదిరిన ఫోటోని ఎవరూ రెండోసారి చూడరు. ఇంకోటి, వ్యూఫైండర్లో కూడా దృశ్యం కుదురుగా నిలబడుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి జింక కన్ను మీద ఫోకస్ పెట్టడానికి ఇది ఎంత సాయమో వాడితేగానీ తెలియదు.

చిలికా సరస్సులో పక్షుల సంగతి కూడా ఇదే. దాని ఒడ్డున మంగళాజోడి ఊళ్లో ఇంజన్ లేని పడవలో వెదురు గడతో తోసుకుంటూ తీసుకెళ్తారు, ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరివాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తున్నారు, గైడ్లూ వాళ్లే. పడవ మెల్లగా వెళ్తుంది కాబట్టి పక్షులు బెదరవు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ 250 నిండుగా సరిపోయేంత దగ్గరగా దొరుకుతాయి. పడవలో ట్రైపాడ్ పెట్టినా లాభం లేదు, పడవతో పాటు అదీ ఊగుతుంది. సరస్సుకి మనవైపున్న రంభలో మోటారు పడవ ఎక్కితే ఆ అదురు ఇంకా ఎక్కువ, పక్షులూ దూరంగానే లేచిపోతాయి, అక్కడ 300 పెట్టినా 500 పెట్టినా చుక్కలే వస్తాయి. దగ్గరకి వెళ్లగలిగే చోటు ఎంచుకోవడం లెన్సు కంటే ఎక్కువ పనిచేస్తుందమ్మా, నా మాట నమ్ము.

55-250లో కూడా చివర ఎస్‌టీఎమ్ అని ఉన్నదే అడుగు. పాత రకాలు కూడా బజార్లో తిరుగుతున్నాయి. ఎస్‌టీఎమ్ మోటారు చప్పుడు చెయ్యదు, ఫోకస్ త్వరగా పడుతుంది, వీడియో తీస్తే గరగర శబ్దం ఎక్కదు. బరువు 375 గ్రాములే, మెడనొప్పి రాదు. రేపు పెద్ద సెన్సర్ కెమెరా కొంటే 55-250 దానికి సరిగ్గా పనికిరాదు, 75-300 పనికొస్తుంది, నిజమే. కానీ అంత ఖర్చుపెట్టి కొన్న కెమెరాకి ఈ 75-300 తగిలించాలని నీకే అనిపించదు. రేపటి కెమెరా కోసం ఇవాళ్టి ఫోటోలు పాడుచేసుకోవడం ఎందుకు? మీ రూమ్మేట్ నికాన్ తీసుకుంటోందన్నావు కదా, తనకీ చెప్పు, వాళ్ల ఏఎఫ్-పీ 70-300లో వీఆర్ (ఐఎస్‌కి నికాన్ వాళ్ల పేరు) ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పేరు మొత్తం చదివి వీఆర్ ఉన్నదే తీసుకోమను.

కొత్తది ధర ఎక్కువనిపిస్తే సెకండ్ హ్యాండ్‌కి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఫోటోలు చూసి కొనకు. చేతిలోకి తీసుకుని, వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి లోపల అద్దాల్లోకి చూడు, సాలెగూడులా తెల్లటి పోగులు కనబడితే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. మన గోపాల్‌పూర్ గాలికి, ఈ చెమ్మకి అది ఊరికే పడుతుంది. నువ్వూ కొన్నాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకో, వానాకాలమంతా తోలు బ్యాగులో మూసి వదిలేయకు. జూమ్ రింగు మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడు, ఎక్కడా పట్టేయకూడదు. నీ కెమెరాకి తగిలించి 250 దగ్గర రెండు ఫోటోలు అక్కడే తీసి పెద్దది చేసి చూసుకో.

రుషికుల్య నది సముద్రంలో కలిసే తీరానికి వచ్చే తాబేళ్ల గురించి అడిగావు. అవి గుడ్లు పెట్టడానికి గుంపుగా వచ్చేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో. ఆ చీకట్లో ఈ లెన్సులేవీ పనిచేయవు, ఫ్లాష్ మాత్రం వేయనే వేయకు, టార్చి కూడా వద్దు. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు, పిల్లలైతే సముద్రం ఎటో తెలియక ఊళ్లో దీపాల వైపు పాకుతాయి. ఆ తీరపు ఊళ్ల కుర్రాళ్లు రాత్రంతా మేలుకుని, దారి తప్పిన పిల్లల్ని ఏరి నీళ్లలో వదులుతారు. గంజాం తీరంలో చాలాచోట్ల జాలర్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి నీకు మాట కలపడం కష్టం కాదు. వాళ్లనడుగు, వెళ్లొచ్చంటే వెళ్లు, తెల్లారాక వాళ్లు రానిచ్చినంత దూరంలో నిలబడి తీసుకో. ఆ పూట కెమెరా బయటికి తీయకపోయినా నేనేం అనుకోను.

కొనేటప్పుడు హుడ్, అంటే లెన్సు ముందు తొడిగే గొట్టం, కూడా తీసుకో, ఎదురెండలో పనికొస్తుంది. ఫిల్టర్ అంటగడతారు, ఇప్పుడేం తొందరలేదు, కావాలంటే తర్వాత 58 సైజుది తీసుకోవచ్చు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సుని ఎవరికీ అమ్మేయకు, ఊళ్లో మనుషుల్ని తీయడానికి అదే కావాలి. బిల్లు మీద లెన్సు నంబరు రాయించు, డబ్బా పారేయకు.

సంక్రాంతి సెలవులకి వచ్చే రోజు ముందే చెబితే భేట్నోయికి ఆటో మాట్లాడి పెడతాను. నాలుగున్నరకే లేవాలి, నాన్నమ్మ కూడా వస్తానంటోంది.

మీ నాన్న
బరంపురం